చిట్టియ్య చెప్పిన మాట

నేను నక్కను. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. తర్వాత తెలిస్తే అప్పటిదాకా చెప్పిందంతా అబద్ధమనుకుంటారు.

మా వంశంలో తరతరాలుగా మనుషుల మాట ఉంది. ఒకప్పుడు సింహాల కొలువుల్లో మావాళ్ళు మంత్రులుగా చేశారని మా అమ్మ చెప్పేది. నా కాలానికి గోదావరి జిల్లాలో మాట్లాడే జంతువులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. మొగల్తూరు దగ్గర ఉప్పుటేట్లో ఒక ముసలి కొంగ ఉండేది. కొవ్వూరు లంకల్లో ఒక తాబేలు ఉందనేవారు, నేను చూడలేదు. మనుషులు మమ్మల్ని చూసి వింతపడేవాళ్ళు కారు. నమ్మేవాళ్ళూ కారు. పిల్లలకు అన్నం పెడుతూ తల్లులు చెప్పే కథల్లో మోసం చేసేది ఎప్పుడూ నక్కే కదా. ఆ కథలు తిని పెరిగినవాళ్ళు నక్క నోట మంచి మాట వస్తే ముందు వెనక్కి తిరిగి చూసుకుంటారు.

నన్ను నమ్మిన మనిషి ఒక్కతే, జ్ఞానమ్మ. ధవళేశ్వరానికి దిగువన కాలవ గట్టు పక్కనున్న క్రైస్తవ పేటలో మిషను బడి పంతులు ఆశీర్వాదంగారి భార్య. కాలవకు నీళ్ళు వదిలిన రోజున మా బొరియ మునిగి, నేను కొట్టుకుపోతుంటే చీర చెంగుతో పట్టి తీసింది. వాళ్ళకు పిల్లలు లేరు. నాకు చిట్టియ్య అని పేరు పెట్టింది. ఆరేళ్ళు ఆ ఇంటి అరుగు కింద పడుకున్నాను. వాన వస్తుందంటే వడియాలు తీసేసేది. పాము ఉందంటే ఆ దారిన వెళ్ళేది కాదు. ఎలా తెలుసని ఎప్పుడూ అడగలేదు.

నేను చెప్పబోయేది రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో ఒక ఎండాకాలం సంగతి.

ప్రతి ఏడూ ఎండల్లో మరమ్మతుల కోసం ఆనకట్ట దగ్గర తలుపులు దించి కాలవలు కట్టేస్తారు. రెండు నెలలు కాలవలో బురద, ఆ తర్వాత పగుళ్ళు. ఆ రెండు నెలలూ మా పేటవాళ్ళకు తాగడానికి జగన్నాథరావుగారి చెరువే దిక్కు. ఊరంతటికీ పెద్ద రైతు ఆయన. మా పేట కడవ ఆ నీళ్ళను తాకకూడదు. గట్టు కింద కడవ పెట్టి నిలబడితే, ఆయన పాలేరు భీమరాజు తీరిక చూసుకుని పైనుంచి చేదతో పోసేవాడు. సగం కడవలో, సగం నెత్తి మీద. 

ఆ ఏడు మాత్రం పేటకు సొంత బావి వచ్చింది. దొరల దగ్గర తిరిగి, ఉత్తరాలు రాసి, ఆశీర్వాదంగారే దాన్ని సాధించారు. లాజరు అనే కూలీ, అతని అన్నదమ్ములు సంక్రాంతి వెళ్ళింది మొదలు తవ్వారు. నీరు పడ్డ రోజున పంతులుగారు పంచె ఎగ్గట్టి బురదలోకి దిగి, దోసిలితో తాగి ఏడ్చారు. చుట్టూ గట్టు కట్టడానికి ఇటుకలు రావాల్సి ఉంది. అప్పటికి బావి నోరు నేలమట్టంగానే ఉంది.

కాలవ కట్టేసిన వారానికి, దిగువ ఊళ్ళ వైపు వెళ్తున్న పడవ ఒకటి మా పేట ఎదురుగా బురదలో చిక్కుకుపోయింది. అందులో వంతెన పని మానేసి ఇళ్ళకు పోతున్న కూలీలు ఎనమండుగురు. మర్నాడు తెల్లవారుతూ ఉండగా నేను పీతల కోసం కాలవలోకి దిగాను. ఆ ఎనమండుగురిలో ఒకడు చచ్చిపోయి ఉన్నాడు. ఇద్దరు లేవలేకుండా ఉన్నారు. మిగిలినవాళ్ళు చచ్చినవాణ్ణి కాలవ ఇసకలోనే పూడ్చి, జబ్బువాళ్ళ బట్టలు తెచ్చి మా బావి పక్కన ఉతికారు. ఆ నీళ్ళు జారి మళ్ళీ బావిలోకే దిగాయి. పొద్దెక్కకముందే పడవ వదిలేసి, జబ్బువాళ్ళను మోసుకుని కాలినడకన వెళ్ళిపోయారు.

బావి దగ్గరకు వెళ్ళి వాసన చూశాను. ఆ వాసన ఎలాంటిదో మీకు చెప్పలేను. బియ్యం కడిగిన నీళ్ళు మూడు రోజులు మూతపెట్టి ఉంచితే వచ్చే పులుపులో, చావు కొంచెం కలిసినట్టు ఉంటుంది. 

నేరుగా పంతులుగారి దగ్గరకు వెళ్ళి చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన నాతో బావి దాకా వచ్చారు. చేదతో నీళ్ళు తోడి, దోసిట్లో పట్టి వెలుతురుకు ఎత్తి చూశారు. తేటగా ఉన్నాయి.

“కనపడని దాన్ని ఎలా నమ్మమంటావు చిట్టియ్యా?” అన్నారు.

ప్రతి ఆదివారం ఆయన పేటకు చెప్పేది కనపడని వాటి గురించే. కానీ నేను ఆ మాట అనలేదు. ఆయన ముఖం చూస్తే అనబుద్ధి కాలేదు. ఆ బావి తప్ప ఆయన జీవితంలో తన చేతుల మీదుగా పూర్తయినది ఇంకొకటి లేదు.

పేటలో అందరికీ చెప్పాను. లాజరు నవ్వాడు. రావుగారు ఎన్ని మేక కాళ్ళు వేశారని అడిగాడు. మళ్ళీ మనల్ని ఆ గట్టు కింద నిలబెట్టాలని నక్కను పంపించాడన్నమాట అని నలుగురూ అనుకున్నారు. ఆ అనుమానంలో తప్పేమీ లేదు. బావి తవ్వొద్దని జగన్నాథరావుగారు రెండుసార్లు మనుషుల్ని పంపిన మాట నిజమే.

జ్ఞానమ్మ ఒక్కతే కడవ తీసుకుని చెరువుకు వెళ్ళింది. పేటలో ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూశారు. భీమరాజు ఆమెను పొద్దెక్కేదాకా నిలబెట్టి, మీకు బావి ఉంది కదా అంటూ పోశాడు. తడిసిన చీరతో తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు పొయ్యి వెలిగించింది. పంతులుగారు ఆ నీళ్ళతో వండిన అన్నం తిన్నారు కానీ, తాగడానికి మాత్రం బావి నీళ్ళే తెచ్చుకున్నారు. ఆమె ఆయన చూడనప్పుడు ఆ చెంబు పారబోసి చెరువు నీళ్ళు నింపేది. రోజూ అలాగే చేసింది. ఆయన బతికున్నది అందుకే.

నాలుగో రోజున లాజరుకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దున మొదలైంది, సాయంత్రానికి కళ్ళు గుంటల్లోకి పోయాయి. దాహం, దాహం అంటే అతని భార్య సంపూర్ణమ్మ బావి నీళ్ళే తెచ్చి పోసింది. ఆ రాత్రే అతను పోయాడు. మర్నాడు అతని తల్లి పోయింది. ఆ తర్వాత రోజుకు ఒకరు, ఇద్దరు. సంపూర్ణమ్మకు ఇద్దరు పిల్లలు. పెద్దది పోయింది. మందు కోసం పంతులుగారు రాజమండ్రికి ఉత్తరం రాశారు. గత్తర, అంటే కలరా, అన్ని ఊళ్ళలోనూ ఉందనీ, వీలు చూసుకుని పంపుతామనీ జవాబు వచ్చింది.

ఇంటింటికీ తిరిగి మళ్ళీ చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు, కర్రలు తీశారు. చావుల గురించి ముందే తెలిసిన నక్కే ఆ చావులు తెచ్చిందని పేటలో ఒక మాట పుట్టింది.

అప్పుడే జ్ఞానమ్మ చెల్లెలు దీనమ్మకు నెలలు నిండాయని ధవళేశ్వరం నుంచి కబురొచ్చింది. జ్ఞానమ్మ వెళ్ళనంది. పంతులుగారే బలవంతాన బయల్దేరదీశారు. ఈ పేట నుంచి ఆమె ఒక్కతైనా బయటపడాలని ఆయన ఆలోచన. ఆమె అన్ని కడవలూ చెరువు నీళ్ళతో నింపి, ఆయన చెంబు కడవ పక్కనే పెట్టి, గుమ్మంలో నా దగ్గర కూర్చుంది.

“వాళ్ళు నమ్మేదాకా చెప్తానే ఉండు నాన్నా. విసుక్కోకు,” అంది.

“నమ్మరమ్మా.”

“నేను నమ్మలేదేంటి? వాళ్ళూ నాలాంటి మనుషులే కదా.”

కాలవ గట్టు మీద, నీళ్ళకు తలుపులు వేసే లాకు దాకా సాగనంపి వచ్చాను. అక్కడే ఆమెను నడిచే మనిషిగా ఆఖరిసారి చూడటం.

ఆమె వెళ్ళిన రెండు రోజుల్లో ఇంకో ఐదుగురు పోయారు. పూడ్చడానికి మనుషులు చాలక గోతులు మోకాలి లోతు తవ్వి వదిలేస్తున్నారు. నేను పొలంలో పడుకుని ఆలోచించాను. నా నోట వచ్చిన మాటకు వీళ్ళు ఎప్పుడూ ఎదురే నమ్ముతారు. బావి చెడ్డదంటే మంచిదని తాగారు. అయితే దారి ఒక్కటే ఉంది. ఇంత చిన్న సంగతి తట్టడానికి పదిహేనుమంది చావాల్సి వచ్చిందేమిటని ఇప్పటికీ అనుకుంటాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక జనం బావి దగ్గర చేరారు. నేను వెళ్ళి బావి అంచున కూర్చున్నాను. తోక ఊపాను. కథల్లో నక్క ఎలా మాట్లాడుతుందో అలా, గొంతులో తేనె పోసుకుని మాట్లాడాను. నేను పొరపాటుపడ్డానన్నాను. ఈ నీళ్ళు అమృతమనీ, చెరువు నీళ్ళే విషమనీ, అటు పోవద్దనీ, జబ్బుపడ్డవాళ్ళకు ఈ బావి నీళ్ళు మరింత పోయమనీ చెప్పాను. చెప్తూ మూతి నాక్కున్నాను.

పెద్దింట్లమ్మ అనే ముసలామె పేటలో అందరికంటే పెద్దది. కర్ర పట్టుకుని ముందుకొచ్చింది.

“నిన్నటిదాకా తాగొద్దని, ఇయ్యాల తాగమంటందేంటి?” అంది. “చూడండి దాని మూతి. మోకాలి లోతు గోతులు తవ్వి పెడుతున్నాం. దీనికి మన శవాలు చాల్లేదు. ఇంకా కావాల.”

నేను కోరుకున్నది సరిగ్గా అదే. 

మొదటి రాయి సంపూర్ణమ్మ వేసింది. తర్వాత అందరూ వేశారు. కర్ర దెబ్బకు నా వెనక కాలు విరిగింది. పంతులుగారు పక్కనే నిలబడ్డారు. ఆయన కొట్టలేదు, ఆపనూ లేదు. పొలంలోకి పాక్కుంటూ పోయి వెనక్కి తిరిగి చూశాను. మగవాళ్ళు బావి మీద తాటి దుంగలు పరిచి, పైన ముళ్ళకంప వేస్తున్నారు. నా ఒళ్ళంతా నెత్తురు. అంత సంతోషం నాకు అంతకు ముందు లేదు, తర్వాత లేదు.

మధ్యాహ్నానికి పేటంతా కడవలతో చెరువు గట్టు కింద వరసగా నిలబడింది. పంతులుగారు కూడా నిలబడ్డారు. భీమరాజు ఆయన వంతు రాగానే, కడవ లేకుండా దోసిలి పట్టమన్నాడు. ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, వంగి దోసిలి పట్టారు. చూడలేక తల తిప్పుకున్నాను. ఆ అవమానం కూడా నా అబద్ధం లెక్కలోనే పడింది.

నాలుగు రోజుల్లో చావులు ఆగిపోయాయి.

ఇక మిగిలింది జ్ఞానమ్మకు నిజం చెప్పడం. పేటలోకి వెళ్తే చంపేస్తారు. ఆమె ఎప్పుడు వచ్చినా కాలవ గట్టు మీదుగానే నడిచి వస్తుంది, వేరే దారిన రాదనుకున్నాను. మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ లాకు దగ్గరకు చేరి, తుమ్మచెట్ల నీడలో కూర్చున్నాను. ఎండిన కాలవలో పీతలు కూడా లేవు. అలా రెండు రోజులు కూర్చున్నాను. మూడో రోజు సాయంత్రం గట్టు మీద పోతున్న ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడం వినపడింది. పంతులుగారి భార్య వచ్చిందట, మధ్యాహ్నం ఆ మూసేసిన బావిలో నీళ్ళు తోడించుకుని తాగిందట.

జరిగింది తర్వాత పంతులుగారే నాకు చెప్పారు. ధవళేశ్వరంలో చేపలమ్మే ఆమె ఒకతె, మీ నక్కను రాళ్ళతో కొట్టి చంపారని జ్ఞానమ్మతో చెప్పింది. ఆమె బాలింతను అక్కడే వదిలి, తొందరగా చేరాలని ఊళ్ళోకి వెళ్ళే ఎడ్లబండి ఎక్కి పొలాల మీదుగా వచ్చేసింది. పేటలో దిగీ దిగగానే చిట్టియ్య ఏడని అడిగింది. అందరూ తలా ఒకటి చెప్పారు. నక్క మాట మార్చి, బావి మంచిదని అబద్ధం చెప్పిందనీ, చంపబోయిందనీ, తాము పసిగట్టి బతికిపోయామనీ చెప్పారు. 

ఆమె నేరుగా వెళ్ళి ముళ్ళకంప చేతులతో లాగింది. పంతులుగారు అడ్డుపడ్డారు. అప్పుడు ఆమె అన్న మాటలు ఆయన నాకు చెప్పేటప్పుడు ఒక్క అక్షరం కూడా తప్పిపోకూడదన్నట్టు మెల్లగా చెప్పారు.

“ఈ బావి తవ్వించింది మీరండి. మంచిదన్నది వాడు. మీ ఇద్దర్నీ నమ్మకపోతే నేనింకెవర్ని నమ్మనండి?”

పేటంతా చూస్తుండగా చెంబెడు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, నాకు అన్నం పెట్టే మట్టి మూకుడు కడిగి అరుగు మీద పెట్టింది. మర్నాటికి వాంతులు మొదలయ్యాయి.

నాకు కబురు తెలిసి నేను ఇల్లు చేరేసరికి ఆ మర్నాటి మధ్యాహ్నమయింది. కాలు అలా ఉంది. పెరటి దడి కింద నుంచి దూరి లోపలికి వెళ్ళాను. పంతులుగారు నన్ను చూశారు. కర్ర పక్కనే ఉన్నా ముట్టుకోలేదు. జ్ఞానమ్మ చాప మీద ఉంది. చేతివేళ్ళు ముడతలు పడి, ముఖం చిన్నదైపోయింది. నన్ను చూసి చెయ్యి కదిపింది.

“బతికే ఉన్నావా,” అంది. కాసేపటికి, “బావి మంచిదని నువ్వే అన్నావంట కదా చిట్టియ్యా?”

“అన్నానమ్మా.”

“మరి?”

ఒక్క మాటతో నన్ను నేను కాపాడుకోవచ్చు. ఆమెకు కూడా అది సుఖంగా ఉండేదేమో. కానీ ఆ ఇంట్లో ఆరేళ్ళలో ఒక్క అబద్ధమూ చెప్పలేదు. మొదటి నుంచి చివరిదాకా అంతా చెప్పాను. వాళ్ళు నమ్మేదాకా చెప్పమన్నావు కదా, అందుకని చెప్పాను అన్నాను. ఆమె కళ్ళు మూసుకుని వింది. పంతులుగారు గుమ్మం పట్టుకుని నిలబడి విన్నారు.

“నాకు చెప్పాలి కదరా,” అంది చివరికి.

“దారిలోనే కూర్చున్నానమ్మా. లాకు దగ్గర. మూడు రోజులు.”

“నేను బండి మీద వచ్చేను,” అంది జ్ఞానమ్మ.

అంతే. తర్వాత ఆమె మాట్లాడలేదు. పొద్దుగూకే వేళకు పోయింది. 

పూడ్చేటప్పుడు పంతులుగారు నిలువు లోతు తవ్వాలన్నారు. తవ్వే మనుషులు రెండు అడుగులకే అలిసిపోయారు. ఆయన తనే గోతిలోకి దిగి ఇంకో రెండు అడుగులు తవ్వారు, అంతకంటే చేతకాలేదు. నేను దూరంగా రెల్లులో ఉండి చూశాను.

మా జాతి గురించి మీకు తెలుసు. ఆ ఎండాకాలం పొలాల్లో ఉన్న నక్కలన్నీ పేట సమాధుల దగ్గర చేరాయి. వాటికి మాటలు రావు, ఆకలి తప్ప ఇంకేమీ తెలియదు. ఎవరి మీదా తప్పు పట్టలేను. జ్ఞానమ్మ మట్టి మీద పడుకుని, వచ్చినదాన్నల్లా కరిచి తరిమాను. ఒక చెవి పోయింది. మెడ మీద చర్మం ఊడి వేలాడింది. అలా మూడు రోజులు గడిచాయి.

నాలుగో రోజు పొద్దున్నే పేటవాళ్ళు నన్ను సమాధి మీద చూశారు. మూతి నిండా నెత్తురుతో ఉన్న నక్కను అక్కడ చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? కర్రలు, రాళ్ళు తీసుకుని వచ్చారు. నేను లేవలేదు. లేచే ఓపిక లేదు, లేచి ఎక్కడికి పోవాలో కూడా తెలియలేదు.

పంతులుగారు వెనక నుంచి వచ్చి మధ్యలో నిలబడ్డారు. ఎండకు నల్ల గొడుగు పట్టుకుని ఉన్నారు. గొంతు పెంచలేదు.

“మట్టి చూడండి. ఎక్కడైనా గోటి గీత ఉందేమో చూడండి,” అన్నారు.

వాళ్ళు వంగి చూశారు. పక్క గోతులు మూడు తవ్వేసి ఉన్నాయి. ఇది మాత్రం పూడ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. అప్పుడు ఆయన పడవ దగ్గర నుంచి మొదలుపెట్టి జరిగిందంతా వాళ్ళకు చెప్పారు. చెంబులో నీళ్ళు మార్చిన సంగతి ఆయనకు అప్పటికి తెలిసింది. ఏ పొరుగింటావిడ చూసి చెప్పిందో మరి, అదీ చెప్పారు. తను నమ్మకపోవడం గురించి కూడా దాచకుండా చెప్పారు. కొందరు విన్నారు. కొందరు సగంలోనే వెళ్ళిపోయారు. నక్క పంతులుగారికి కూడా మందు పెట్టిందని పెద్దింట్లమ్మ అనడం నాకు వినపడింది. సంపూర్ణమ్మ చివరిదాకా నిలబడింది. చేతిలో రాయి విసరలేదు, కింద పడెయ్యనూ లేదు. దాన్ని పట్టుకునే ఇంటికి పోయింది.

అందరూ పోయాక పంతులుగారు నా పక్కన నేల మీద కూర్చున్నారు. నాతో ఏమంటారోనని భయపడ్డాను. ఆయన ఎన్నాళ్ళు కాయాలనుకుంటున్నావని అడిగారు.

“వానలు పడి మన్ను బిగిసేదాకానండి,” అన్నాను.

వానలకు ఇంకా ఇరవై రోజులున్నాయి. ఆయన ఆకాశం వైపు చూశారు. తెల్లగా మండిపోతోంది.

“పగలు నేను కాస్తాను,” అన్నారు. “నువ్వు కాసేపు పడుకో చిట్టియ్యా.”

గొడుగును కొంచెం నా వైపుకు వంచారు. ఆయన తల, భుజం ఎండలోనే ఉండిపోయాయి. నేను కళ్ళు మూసుకున్నాను.